వెనక తలుపు దగ్గరి కంచాలు

ఫరీజ్ బిన్ మహమూద్, దోహా
సెప్టెంబరు

పుష్పా,

హాస్టల్లో వార్డెన్ మేడమ్ మన ఫోన్లు లాక్కున్న రోజుల్లో మొదలైన ఈ ఉత్తరాలు ఇంకా మానలేదంటే మా ఆయన నవ్వుతున్నాడు. కాగితం మీద రాసి, దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడమెందుకు, నేరుగా మాట్లాడుకోవచ్చు కదా అంటాడు. ఫోన్లో నువ్వు పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఊఁ కొడతావని ఆయనకేం తెలుసు.

చెప్పొచ్చేదేమిటంటే, నాకు ఉద్యోగం దొరికింది. ఆఫీసు వెస్ట్ బేలో, అద్దాల మేడలో. పని మాత్రం గల్లీల్లో. చిన్న చిన్న దుకాణాల వాళ్ళు చెత్త తగ్గించుకునేలా, కరెంటూ నీళ్ళూ వృథా చేయకుండా వ్యాపారం చేసుకునేలా సాయం చేయాలి. బాగా చేసిన దుకాణానికి పచ్చ స్టిక్కర్ అంటిస్తాం. మా వీధిలో లాండ్రీ నడిపే మొహియుద్దీన్ భాయి, హ్యాంగర్లు వాపసు తెస్తేనే కొత్త బట్టలు తీసుకుంటానని బోర్డు పెట్టాడు. స్టిక్కర్ వచ్చాక నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు. నా బతుక్కి ఇంత మర్యాద ఎన్నడూ లేదు.

అసలు సంగతి రత్నాకర్ అన్న మెస్సు. మా పెద్దనాన్న కొడుకు, మా అక్క పెళ్ళిలో చూశావు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మెస్సు పెట్టాడు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి కన్‌స్ట్రక్షన్ పనికొచ్చిన మన వాళ్ళూ, రాయలసీమ డ్రైవర్లూ అక్కడే తింటారు. శుక్రవారం ఇసుక వేస్తే రాలదు. తిన్నాక చూడాలి, ప్లాస్టిక్ కంచాలు, పేపర్ కప్పులు, చెత్త సంచులు గోడంత ఎత్తున. నేను అన్న ప్రాణం తీసి, అన్నీ మాన్పించి, స్టీలు కంచాలూ స్టీలు గ్లాసులూ కొనిపించాను. "కడిగేటోడు ఎవడు చెల్లె" అని గొణిగాడు గాని, చివరికి ఒక మనిషిని పెట్టుకున్నాడు.

తిరుమల్ గురించి బెంగ పెట్టుకోకు. లేబర్ క్యాంప్ తిండి పడటం లేదన్నావు కదా, అన్నతో మాట్లాడి మెస్సులో కుదిర్చాను. మొన్న శుక్రవారం నేను వెళ్ళేసరికి మూడోసారి పప్పు వేయించుకుంటున్నాడు. నీ తమ్ముడు నా తమ్ముడు కాదా.

నీ
సుమ

*

మెట్‌పల్లి
సెప్టెంబరు చివర

సుమా,

నీ ఉత్తరం స్టాఫ్ రూంలో చదువుకుని ఒక్కదాన్నే నవ్వుతుంటే లెక్కల సారు వింతగా చూశాడు. హాస్టల్లో బకెట్ నిండి పొర్లుతున్నా నల్లా కట్టని దానివి, ఇవాళ దోహాకు నీళ్ళ పొదుపు నేర్పుతున్నావు. కాలం మారింది.

అమ్మకు చదివి వినిపించాను. "సుమలత దుబాయ్‌ల పెద్ద నౌకరి జేస్తుందట" అని వాడంతా చెప్పి వచ్చింది. అది దుబాయ్ కాదు, ఖతర్ అని చెప్పి చెప్పి నేను మానేశాను. తిరుమల్ కడుపు నిండా తింటున్నాడని విన్నాక ఆమె ముఖం చూడాల్సింది. నాన్న మాత్రం, స్టీలు గ్లాసులంటే ఎవరివి వాళ్ళవా, అందరివీ ఒకటేనా అని అడిగాడు.

నేనూ అదే అడుగుతున్నాను. ఊరికే.

పుష్ప

*

ఫరీజ్ బిన్ మహమూద్, దోహా
అక్టోబరు

పుష్పా,

ఆలస్యమైంది, తిట్టుకోకు. ఆఫీసు పని నెత్తి మీద పడింది. కెమెరాలు పట్టుకుని పెద్దవాళ్ళు రత్నాకర్ అన్న మెస్సు చూడటానికి వచ్చారు. మా మేనేజరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. కంపెనీ వెబ్‌సైటులో మొదటి ఫొటో మన మెస్సుదే.

నాన్న అడిగిన దానికి జవాబు. మొదట్లో కంచాలన్నీ కలిపే ఉండేవి. మన వాళ్ళకు ఎంగిలి పట్టింపు ఎక్కువ కదా, కొందరు గునిశారు. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాం. మన ఇళ్ళల్లో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం చూడు, ఆ ఉపాయమే ఇక్కడ పనికొచ్చింది. ఎవరి కంచం మీద, ఎవరి గ్లాసు మీద వాళ్ళ పేరు, ఇంటిపేరుతో సహా. ఎవరిది వాళ్ళకే. గొడవ లేదు. జాగా చాలక స్టాండ్లు రెండు చేశాం, ఒకటి లోపల, ఇంకొకటి వెనక తలుపు దగ్గర. మేనేజరు ఈ పేర్ల ఆలోచన విని తెగ మురిసిపోయాడు. ఇంత చక్కని సంప్రదాయం మీకుందా అన్నాడు.

ఫొటోలు పంపుతున్నాను. తిరుమల్ వాటిలో లేడు. ఆ రోజు ఓవర్‌టైం అనుకుంటాను.

నాన్నగారి మోకాలు ఎలా ఉంది? దసరాకు నువ్వు కట్టుకున్న చీర రంగేమిటో రాయలేదు.

సుమ

*

మెట్‌పల్లి
నవంబరు

సుమలతా,

ఫొటోలు చూశాను. వేళ్ళతో పెద్దవి చేసుకుని, కంచాల మీది పేర్లన్నీ చదివాను. నేను ప్రతి ఏడూ బడిలో పిల్లల పేర్లు ఎక్కించుకునే దాన్ని. ఏ ఇంటిపేరు ఏ వాడలో ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వెనక తలుపు దగ్గరి స్టాండు మీద ఉన్నవన్నీ మా వాళ్ళ పేర్లే. మాలవాడలవీ, మాదిగవాడలవీ. లోపలి స్టాండు మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. కింది వరసలో మూలకు మా తమ్ముడి కంచం ఉంది.

నీకు ఒకటి చెబుతాను. చదువుకునే రోజుల్లో చెప్పలేదు, చెప్పుకునే సంగతి కాదు కాబట్టి. నాన్న చిన్నప్పటి నుంచి చాయ్ తాగిన హోటల్లో మా వాళ్ళ గ్లాసులు బయట, చూరు కింద ఉండేవి. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి రావాలి. దళిత సంఘం వాళ్ళు వచ్చి అడిగారు, పోలీసులు వచ్చారు, నాలుగు రోజులు మాని మళ్ళీ మామూలే. ఆ తర్వాత ఎప్పుడో ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. తాగి పారేసే గ్లాసుకు ఎవరి మూతి తగిలితే ఏమిటి? ఎవరూ ఏమీ అనకుండానే చూరు కింది గ్లాసులు పోయాయి. మొదటి రోజు నాన్న ఆ ప్లాస్టిక్ గ్లాసు పారేయకుండా జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఇప్పటికీ అద్దం పక్కన గూట్లో ఉంది. దువ్వెన పెట్టుకుంటాడు.

భూమి మీద చెత్త తగ్గాలి. నేనూ పిల్లలకు అదే పాఠం చెబుతాను. కాదనను. కానీ చూరు కింది గ్లాసును దోహాకు మోసుకుపోయింది నా స్నేహితురాలు.

తిరుమల్ ఫోన్లో తిండి బాగుందనే చెబుతున్నాడు. నేను నిన్ను ఒక్కటే అడుగుతాను. స్టాండ్లు రెండు ఎందుకయ్యాయో నీకు తెలుసా, తెలియదా? జాగా చాలలేదని రాయకు. హాస్టల్లో నువ్వూ నేనూ ఒకే కంచంలో తిన్నాం. మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ప్రతిసారీ నీకు ఏదో ఒక ఉపవాసం ఉండేది. నేనేమైనా అన్నానా?

పుష్ప

*

ఫరీజ్ బిన్ మహమూద్, దోహా
నవంబరు

పుష్పా,

తెలుసు.

ఈ ఒక్క మాటా రాసి, కాగితం మడిచి, డ్యూటీకి వెళ్ళి వచ్చాను. నీకు ఇది చాలదు. చాలకూడదు కూడా.

ఆ రోజు మాట్లాడటానికి కూర్చున్నప్పుడు ఈరన్న అని కర్నూలు వైపు డ్రైవరు లేచాడు. "అందరి ఎంగిలీ ఒగే తొట్లో కడిగితే మేం యాడ తినాల సామీ" అన్నాడు. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా కొందరు తలలు వంచుకున్నారు, మన జిల్లా వాళ్ళు కొందరు తలలూపారు. ఆ ఒక్క విషయంలో సీమకూ తెలంగాణకూ తేడా కనబడలేదు. రత్నాకర్ అన్న, "వాళ్ళయి వేరే పెడదాం తియ్యి" అన్నాడు. వాళ్ళంటే ఎవరని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అడగకపోవడమే కాదు. వచ్చే వారం కెమెరాల వాళ్ళు వస్తున్నారు, ప్లాస్టిక్ పోవడం ముఖ్యం, మిగతాది తర్వాత చూసుకోవచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను. రెండో స్టాండు ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి ఇచ్చింది నేనే. ఒకదానికి ‘ఎ’, ఇంకొకదానికి ‘బి’ అని స్టిక్కర్లు అంటించిందీ నేనే. ఇంగ్లీషు అక్షరాలు పెడితే అది కులం కానట్టు అనిపించింది. గిన్నెలు కడిగే మనిషి లోపలివి మాత్రమే కడుగుతాడు. వెనక స్టాండు వాళ్ళు తిని, కడుక్కుని, పెట్టి వెళ్ళాలి. ఇది ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు నుంచే అలా జరిగిపోయింది. నేను చూస్తూ చాయ్ తాగాను.

తిరుమల్‌కు ఓవర్‌టైం లేదు. అప్పటికే మెస్సుకు రావడం మానేశాడు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు వాళ్ళ క్యాంప్‌కు వెళ్ళాను. గేటు దగ్గర నిలబడ్డాను. హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు, పుష్పా. అది తలుచుకుంటేనే నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. రూమ్‌మేట్ ఇక్రాముద్దీన్‌తో కలిసి వండుకుంటున్నాడట.

"మెస్సుకు వోతలేనని మా అక్కకు జెప్పకు సుమక్కా. నువ్వంటే ఆమెకు పానం" అన్నాడు.

నేను ఏదో అనబోయాను. సారీ అనే అనుకుంటాను. వాడు హెల్మెట్ అటూ ఇటూ తిప్పుతూ, "పేపరు కప్పుల తాగినన్ని దినాలు నేను ఎవ్వన్నో ఎవ్వలకు యాదికి రాలే. నువ్వొచ్చి యాది జేసినవ్" అన్నాడు. కోపంగా అనలేదు. వాన రాలేదు అన్నట్టు అన్నాడు.

నువ్వు రాసిన ఉపవాసం మాట చదివాక అద్దంలో ముఖం చూసుకోవడానికి సిగ్గేస్తోంది. నన్ను తిట్టు. ఎంత తిట్టినా పడతాను. మాట్లాడటం మాత్రం మానకు.

సుమ

*

మెట్‌పల్లి
నవంబరు చివర

సుమా,

తిట్టడానికి కూర్చున్నాను. చేతనైంది కాదు. ఎందుకో చెబుతాను.

తిరుమల్ తిండి బాగుందంటున్నాడని రాశాను కదా, అది అబద్ధం. నీ ఫొటోలు రాకముందే వాడు నాకు అంతా చెప్పాడు. కంచం మీద పేరు చూసి మొదట సంబరపడ్డాడట, అక్కా, నా పేరు ఎంత మంచిగ కొట్టిండ్రో అని. తర్వాత అది ఏ స్టాండు మీద ఉందో చూశాడు. ఫోన్లో చెబుతూ ఏడ్చాడు. దానికి నేనేమన్నానో తెలుసా? "సర్దుకోరా. సుమ ఇప్పించిన జాగ అది. ఆమెకు మాట రావద్దు" అన్నాను.

బడిలో ఆడపిల్లలను నిలబెట్టి, ఎవరి ముందూ తల వంచొద్దని చెప్పేదాన్ని. నా తమ్ముడికి మాత్రం వంచుకోమని చెప్పాను, నీ ముందు నేను చిన్నబోకూడదని. ఇంత చదువుకున్నాక కూడా, మీ వాళ్ళు చేసిన మేలును కాదంటే ఏమనుకుంటారో అనే భయం నాలో ఇంకా ఉందని అప్పుడు తెలిసింది. ఆ మాట అన్న నోటితో నాన్నకు ఎదురుపడలేకపోయాను. పైగా నువ్వు నిజం రాస్తావా దాస్తావా అని చూద్దామని, ఏమీ తెలియనట్టు ఫొటోల కోసం కాచుకుని కూర్చున్నాను. నువ్వు దాచావు, నేనూ దాచాను. వాడు మాత్రం మనిద్దరి పరువూ మోశాడు.

వాడికి నిన్న ఫోన్ చేసి, నేను అన్నది తప్పని చెప్పాను.  వాడు, తిన్నవా అక్కా అని అడిగాడు.

నాకు సారీలు రాయకు. స్టాండు ఉందా, పోయిందా, అది రాయి.

పుష్ప

*

ఫరీజ్ బిన్ మహమూద్, దోహా
డిసెంబరు

పుష్పా,

స్టాండు పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, నన్ను మంచిదాన్ని చేసుకోకుండా.

ముందు రత్నాకర్ అన్నను అడిగాను. "నువ్వే గద చెల్లె స్టీలు అన్నవ్, నువ్వే గద స్టాండు గీసిచ్చినవ్. ఇప్పుడు నా దుకానం బంద్ వెట్టిస్తవా" అన్నాడు.  అంతా నిజమే. స్టాండు తీయకపోతే ఆఫీసులో ఉన్నది ఉన్నట్టు చెబుతానన్నాను. తీసినా చెబుతాననీ అన్నాను. ఆ రోజు నుంచి అన్న నాతో మాట్లాడటం లేదు.

ఆఫీసులో చెప్పడం ఇంకా కష్టమైంది. కులం అంటే ఏమిటో మేనేజరుకు ఇంగ్లీషులో విడమరచి చెప్పాల్సి వచ్చింది. ఆయన సంప్రదాయం అని మెచ్చుకున్నది ఏమిటో కూడా. విని, అది వాళ్ళలో వాళ్ళ గొడవ, రిపోర్టులో పెట్టకు అన్నాడు. నేను పెట్టాను. వెబ్‌సైటులో మెస్సు ఫొటో తీసేశారు, పచ్చ స్టిక్కర్ గీకేశారు. నా కాంట్రాక్టు సంగతి ఏమీ చెప్పడం లేదు. అడిగే ముఖం నాకూ లేదు.

మొన్న శుక్రవారం భోజనాల వేళ వెనక తలుపు దగ్గరి కంచాలన్నీ లోపలికి మోశాను, అన్న అడ్డు రాలేదు. అన్నీ ఒకే దొంతిలో కలిపేశాను, ఎవరి చేతికి ఏది వస్తే అది. ఈరన్న తన చేతిలోని కంచం మీద పేరు చదివి, బల్ల మీద పెట్టేసి, లేచి వెళ్ళిపోయాడు. ఇంకొందరు వెళ్ళారు. వాళ్ళు ఇప్పుడు వెనక వీధి మెస్సులో తింటున్నారు. అక్కడ ప్లాస్టిక్ కంచాలు. లోపల సగం బల్లలు ఖాళీ. మిగిలిన వాళ్ళు తలెత్తకుండా తిన్నారు. నన్ను ఎవరూ మెచ్చుకోలేదు, అదే నయం.

తిరుమల్‌కు ఫోన్ చేసి, ఒక్కసారి వచ్చి చాయ్ తాగి వెళ్ళమని బతిమాలాను. ఈ వారం వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చుట్టాలింటికి వచ్చినట్టు వచ్చాడు. ఒకే దొంతి చూశాడు. వెనక తలుపు వైపు చూశాడు. బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చున్నాడు. నేనే వెళ్ళి చాయ్ పోసి, గ్లాసు తెచ్చి ముందు పెట్టాను. దాని మీద ఎవరి పేరు ఉందో నేను చూడలేదు. వాడు చూశాడు. తర్వాత చూశాను, లోపలి స్టాండు వాళ్ళలో ఎవరిదో.

వాడు గ్లాసు ముట్టుకోలేదు. మెల్లగా, "సుమక్కా, పేపరు కప్పు లేదా" అన్నాడు.

లేదు. ఆఖరి ప్యాకెట్ నేనే బయట పడేయించాను. మూల మీది కిరాణా దుకాణానికి వెళ్ళి, పేపర్ కప్పుల ప్యాకెట్ కొన్నాను. దుకాణం అతను నన్ను ఎరుగును, అతనికీ ఇవన్నీ మానమని చెప్పినదాన్నే. మేడమ్, మీరా అన్నాడు. చాయ్ కప్పులో పోసి ఇచ్చాను. నేనూ అలాంటి కప్పులోనే పోసుకున్నాను. తిరుమల్ తాగి, కప్పు నలిపి చెత్తడబ్బాలో వేసి, చెయ్యి తుడుచుకుని, "పోయొస్త అక్కా, డ్యూటీ ఉన్నది" అన్నాడు. మళ్ళీ రమ్మని అనలేకపోయాను.

మిగిలిన కప్పులు నా బల్ల మీద ఉన్నాయి. పారేయలేను, వాడలేను. జనవరిలో సెలవు మీద ఊరికి వస్తున్నాను. నీ ముందుకు రావచ్చో లేదో చెప్పు.

సుమ

*

మెట్‌పల్లి
డిసెంబరు

సుమా,

నీ ఉత్తరాలన్నీ నాన్నకు మొదటి నుంచి చదివి వినిపించాను. నావి కూడా. తిరుమల్‌కు సర్దుకోమన్న చోట చదవడం ఆపేశాను. ఆ కాగితం ఆయనే నా చేతిలోంచి తీసుకుని, మడిచి నాకిచ్చాడు. నన్ను ఒక మాట అంటే బాగుండేది.

నువ్వు జనవరిలో వస్తున్నావని చెప్పాను. అద్దం పక్కన గూటి వైపు చూశాడు. తర్వాత అన్నాడు: "రమ్మను. ఈసారి ఉపాసం లేని దినం జూసుకోని రమ్మను. మన ఇంట్ల ఉన్నయి స్టీలు గిలాసలే. ఆమెకు చాయ్ దేంట్ల పొయ్యాల్నో ముందుగాల అడుగు."

అడుగుతున్నాను. దీనికి కాగితం మీద జవాబు రాయకు.

పుష్ప